మంచు దిగిన కొద్దీ

మా అన్నయ్య అదెలార్ పోయిన రోజున, ఆ చలికాలంలో మొదటిసారి బడి చూరు నుంచి నీళ్ళు కారాయి. కిటికీ బయట చుక్కలు పడుతుంటే పిల్లలు లెక్కలు వదిలేసి అటే చూస్తున్నారు. నేను వాళ్ళను ఏమీ అనలేదు. మార్చి నెలలో ఆ చప్పుడు వింటే మా ఊళ్ళో పెద్దవాళ్ళకే చేతులు ఆగవు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు వచ్చాయంటే మేపుల్ చెట్లలో తియ్యటి నీరు కదులుతుంది, దాన్ని పట్టి కాచితే పాకం అవుతుంది. అన్నయ్య తెల్లవారగానే చెట్టుకు చిల్లు పెట్టే బరమా, సుత్తి, నీళ్ళు కారే గొట్టాల సంచీ, బకెట్లు బండిలో వేసుకొని, మినూన్‌ను కట్టుకొని తోటకు వెళ్ళాడు. మినూన్ మా ఆడగుర్రం. మంచు మీద జారే ఆ చెక్కబండిని అదే లాగుతుంది.

బడి వదిలే వేళకు పక్క పొలం ఫిలియాస్ వచ్చాడు. తలుపు దగ్గరే టోపీ తీసి చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. చర్చిలో తప్ప ఆయన టోపీ తీయడం నేను చూడలేదు.

"పిల్లల్ని పంపించెయ్ పంతులమ్మా," అన్నాడు.

పంపించాను. అందరికంటే చిన్నపిల్లకు కోటు గుండీలు పెట్టాను. కింద నుంచి పైదాకా అన్నీ పెట్టాను. ఆ పిల్ల గేటు దాటాకే ఫిలియాస్ చెప్పాడు.

మినూన్ ఆగకుండా సకిలిస్తుంటే ఆయన మా తోటలోకి వెళ్ళి చూశాడట. వాగు ఒడ్డున, పై వరుస చివరి చెట్టు మొదట్లో అన్నయ్య ఆనుకొని కూర్చున్నాడట. బరమా పక్కన మంచులో పడి ఉంది. చెట్టుకు చిల్లు పెట్టాడు గానీ గొట్టం ఇంకా దిగగొట్టలేదు. ఆ గొట్టం ఆయన చేతిలోనే ఉంది.

"నిద్రపోతున్నాడనుకున్నా," అన్నాడు ఫిలియాస్. "టోపీ కూడా జారలేదు."

డాక్టరు వచ్చి చూసి గుండె అన్నాడు. "ఒక్క క్షణం, అంతే. ఆయనకేమీ తెలిసి ఉండదు," అన్నాడు.

ఆ మాటను నేను ఇంటికి తెచ్చుకున్నాను. అన్నయ్యను ముందు గదిలో పడుకోబెట్టిన రోజుల్లో ఊరంతా వచ్చి వెళ్ళింది. అందరూ అదే మాట అన్నారు. ఏమీ తెలియకుండా పోయాడు, అదృష్టవంతుడు అన్నారు. నేనూ వచ్చిన వాళ్ళకు ముందుగా అదే చెప్పేదాన్ని. ఒక వాక్యాన్ని పదిసార్లు రాసినంత మాత్రాన అది నిజం కాదని బడిలో పిల్లలకు చెప్తాను. అయినా చెప్పుకుంటూనే ఉన్నాను. మాకు అమ్మా నాన్నా లేరు. నేను పెళ్ళి చేసుకోలేదు, ఆయనా చేసుకోలేదు. ఇంట్లో ఇక మిగిలింది నేనూ, ఆ మాటా.

చలికాలంలో మా వైపు గొయ్యి తవ్వడానికి వీలుకాదు. నేల గడ్డపారకు లొంగదు. అందుకని చర్చిలో పూజ అయ్యాక శవపెట్టెను దాని వెనక రాతిగదిలో ఉంచారు. మేలో నేల మెత్తబడ్డాక పూడుస్తారు. గదికి పాదిరి గారు తాళం వేసి, తాళంచెవి అంగీ జేబులో వేసుకున్నారు.

ఫిలియాస్, ఆయన భార్య ఇమెల్దా నన్ను తమ బండిలో ఇంటికి తీసుకొచ్చారు. దారిలో ఫిలియాస్ రెండు మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"ఇది చెప్పే వేళ కాదు గానీ పంతులమ్మా, బకెట్లు నిండిపోయి పొర్లుతున్నాయి."

"వేళ కాదని తెలిస్తే చెప్పడం దేనికయ్యా," అంది ఇమెల్దా.

"ఇవాళ చెప్పకపోతే రేపటికి పులుస్తాయి."

"పులవనీ. ఆ అమ్మాయి ముఖం చూడు. మూడు రోజులుగా గ్లాసు పాలు కూడా తాగలేదు."

నేను వెళ్తానని చెప్పాను. చెట్లకు చిల్లులు పెట్టేశాడు. నీళ్ళు తీసుకోకుండా వదిలేస్తే ఊరికే గాయం చేసినట్టవుతుంది. అన్నయ్య వాగు ఇవతల చెట్లన్నీ చేశాడు. అవతలివి చెయ్యలేదు. చేసినంత వరకైనా ఈ ఏటి పాకం వండి తీరాలనుకున్నాను. ఇంకేం చెయ్యాలో కూడా నాకు తెలియలేదు.

పాకం రోజుల్లో మా బడికి ఎలాగూ పిల్లలు రారు. పెద్ద పిల్లలు తోటల్లో ఉంటారు, చిన్నవాళ్ళు వాళ్ళ వెనకే. బడి మూసేశాను.

మర్నాడు పొద్దున్నే ఫిలియాస్ పని పంచాడు. "పై వరుస నేను చూసుకుంటా. ఇమెల్దా కింది వరుస చూస్తుంది. నువ్వు పాకం వండే కొట్టంలో పెనం దగ్గర ఉండు."

"నేనూ నీళ్ళు మోస్తాను అన్నా."

"పెనం దగ్గర ఎవరుంటారు మరి? దీన్ని ఉంచితే కబుర్లలో పడి మాడుస్తుంది."

"మన పెళ్ళైన ఏడు మాడింది ఒక్కసారి," అంది ఇమెల్దా. "ఆ ఒక్కదానికి చచ్చేదాకా దెప్పుతాడు వదినా ఈయన."

కొట్టంలో ఉన్నాను. పొయ్యిలోకి కట్టెలు ఎగదోయడం, పెనం మీద తేలిన తెట్టు తీయడం, నురుగు పొంగకుండా పైన దారానికి వేలాడదీసిన పందికొవ్వు ముక్కను సరిచూడడం, గరిటె ముంచి ఎత్తి పాకం ముదిరి దాని అంచున పలకలా జారుతోందా లేదా అని చూడడం. ఇదంతా ఏళ్ళ తరబడి అన్నయ్య పక్కన నిలబడి చూసిందే. చేసింది తక్కువ. నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి, ఎంతసేపు కాచినా ఏమీ కానట్టే ఉంటుంది. కళ్ళు మండుతాయి. జుట్టు ఆవిరికి జిగటగా అంటుకుంటుంది. సాయంత్రానికి నడుము ఎవరిదో అన్నట్టు ఉండేది. పొద్దుగూకాక నిప్పు తగ్గించి ఇంటికొచ్చి, కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చునేదాన్ని. లేచి విప్పాలని తెలుసు. లేవబుద్ధి అయ్యేది కాదు.

మధ్యాహ్నం ముగ్గురం కొట్టంలోనే తినేవాళ్ళం. బఠానీ సూపు, రొట్టె, పాకంలో ఉడికించిన గుడ్లు. మొదటి రోజు నేను నాలుగు పళ్ళేలు పెట్టాను. ఇమెల్దా నాలుగోదాన్ని చప్పుడు కాకుండా తీసి, దాని మీద రొట్టె కోసింది.

అన్నయ్య బట్టలతో పాటు ఆయన చేతిలో దొరికిన గొట్టం కూడా నాకు ఇచ్చారు. ఏప్రన్ జేబులో వేసుకున్నాను. ఒకరోజు ఫిలియాస్ దాన్ని చూశాడు.

"ఆ ఆఖరి చెట్టు చిల్లు నుంచి నీళ్ళు ఊరికే బెరడు మీద కారిపోతున్నాయి పంతులమ్మా. ఇటిస్తే గొట్టం కొట్టేసి బకెట్ తగిలిస్తా."

"ఉండనీ అన్నా."

"పగలు కారి రాత్రి గడ్డకట్టిందాన్ని పిచ్చుకలు పొడుచుకు తింటున్నాయి."

"తిననీ."

ఆయన ఖాళీ బకెట్ తీసుకొని పై వరుసకు వెళ్ళాడు.

ఏప్రిల్ వచ్చింది. మంచు దిగడం మొదలైంది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఏడు మంచు కిటికీ గడపల దాకా పడింది. అలాంటప్పుడు చెట్టుకు చిల్లు పెట్టేవాడు మంచు మీద మోకాళ్ళేసి, వీలైనంత కిందకు వంగి పెడతాడు. నిలబడి పెడితే ఆ రోజుకు బాగానే ఉంటుంది. కానీ మంచు దిగిన కొద్దీ బకెట్ చేతికి అందనంత పైకి పోతుంది. మా నాన్న మాకు నడక వచ్చిన ఏడే ఇది నేర్పాడు. ఈ ఊళ్ళో ఈ పొరపాటు చేసేవాళ్ళు ఉండరు. పట్నం నుంచి కొత్తగా తోట కొన్నవాళ్ళు చేస్తే ఊరంతా వెళ్ళి చూసి నవ్వి వస్తారు.

ఒక మధ్యాహ్నం ఫిలియాస్ తన ఆవు ఈనుతోందని ఇంటికి వెళ్ళాడు. పై వరుసకు ఇమెల్దా వెళ్ళింది. కాసేపటికి గొణుక్కుంటూ తిరిగొచ్చింది. కోటు ముందంతా తడిసిపోయి ఉంది.

"మీ అన్నయ్య మనకేమన్నా రెక్కలొస్తాయనుకున్నాడేంటి వదినా? బకెట్ నెత్తి మీద ఉంది. దించబోతే సగం నా మెడలోనే పడింది. కింద ఖాళీ బకెట్ బోర్లించి ఎక్కాల్సొస్తోంది."

"ఏ చెట్టు?"

"ఏ చెట్టేంటి, వాగు దగ్గరవన్నీ అంతే. పట్నం బాబులా నిలబడి కొట్టేశాడు దర్జాగా." అని, తను ఎవరి గురించి అన్నదో గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "తొందరలో ఉన్నాడేమోలే. ఎండ వచ్చేసిందని."

అన్నయ్య తొందరపడే మనిషి కాడు. అన్నం తినేటప్పుడు కూడా తొందర లేదు.

"నువ్వు పెనం చూడు వదినా. నేను తెస్తాను," అన్నాను.

"మాడుస్తానంటాడు మా ఆయన."

"మాడదు."

మినూన్‌ను తోలుకొని కొట్టం దగ్గర మొదటి చెట్టు నుంచి నడిచాను. తోలడమంటే ఏమీ లేదు. అది తనంతట తానే ప్రతి చెట్టు దగ్గరా ఆగుతుంది, బకెట్ ఒంపి బండి మీది పీపాలో పోసిన చప్పుడు విని కదులుతుంది. అన్నయ్య ఆ రోజు నడిచింది కూడా ఈ దారినే, ఈ వరసలోనే.

మొదటి చెట్ల చిల్లులు ఉండాల్సిన చోటే ఉన్నాయి. దక్షిణం వైపు, కింద, నిరుటి మచ్చకు బెత్తెడు ఎడంగా. గొట్టం కాస్త కిందకు వాలి, గట్టిగా ఉంది. ఈ వంకరటింకర ప్రపంచంలో ఇలాంటి పని చూస్తే నాకు ఎప్పుడూ నెమ్మదిగా ఉండేది. పిడుగుకు చీలిన పాత చెట్టు దాకా అంతే. ఆ చెట్టు తర్వాత చిల్లు కొంచెం పైకి వచ్చింది. ఆ పైచెట్టుకు ఇంకొంచెం. ఇంకా పైకి వెళ్తే నా భుజం దాకా వచ్చింది. తర్వాత నిరుటి మచ్చను చూసుకోవడం కూడా మానేశాడు. దాని పక్కనే పెట్టాడు. ఒక గొట్టం వదులుగా ఉండి వేలితో తాకితే కదిలింది. మొదటి పేజీలో గుండ్రంగా రాసిన పిల్లవాడికి జ్వరం వస్తే ఆఖరి పేజీ ఎలా ఉంటుందో నాకు తెలుసు. అలాంటి పుస్తకాలు చాలా దిద్దాను.

వంగలేకపోయాడు.

మినూన్ ఆగిన ప్రతిచోటా నేనూ ఆగాను. బకెట్లు ఒంపాను. కొన్నింటిని అందుకోలేక బండి అంచు మీద ఎక్కి ఒంపాను. పీపా నిండుతోంది. మధ్యలో ఒకచోట కాలు జారి చెట్టు వెనక వైపు, మేం నీళ్ళకు తిరిగేటప్పుడు తొక్కని గట్టు మీదకు వెళ్ళాను. అక్కడ చూశాను.

తొక్కి గట్టిపడిన మంచు ఆలస్యంగా కరుగుతుంది. చుట్టూ మంచు దిగిపోయాక పాత అడుగులు గుంటలుగా కాదు, మెట్లలా పైకి తేలతాయి. చెట్టు మొదట్లో, నీళ్ళకు తిరిగే దారికి అవతల పక్క, అలా తేలిన ఒక తిన్నె ఉంది. మనిషి కూర్చుంటే పట్టేంత వెడల్పు. దాని ముందు మడమలు ఆనించిన రెండు గడ్డలు. పక్కన చెయ్యి ఊని లేచిన చోటు.

తర్వాతి చెట్టు వెనక కూడా ఉంది. దాని తర్వాతి చెట్టుకు లేదు. ఆ పైదానికి మళ్ళీ ఉంది. అక్కడ తిన్నె బాగా గట్టిగా, ఎత్తుగా ఉంది. చాలాసేపు కూర్చున్నాడు.

అక్కణ్ణుంచి చూస్తే చెట్ల మధ్యలోంచి మా ఇంటి పొగగొట్టం కనిపిస్తుంది.

వాగు దగ్గరి ఆఖరి చెట్టు దాకా వెళ్ళాను. చిల్లు నా తలకు పైన ఉంది. దాని నుంచి బెరడు మీదుగా కిందిదాకా తడి గీత. మినూన్ అక్కడ ఆగి, నీళ్ళు పోసిన చప్పుడు కోసం చెవులు నిక్కించి చూసింది. చప్పుడు లేదు. అయినా చాలాసేపు కదల్లేదు.

తిరిగి వస్తుంటే ఫిలియాస్ ఎదురొచ్చాడు. ఆవు ఈనినట్టుంది, మోచేతుల దాకా చేతులు ఎర్రబడేలా కడుక్కొని ఉన్నాడు. నన్ను చూసి, నేను వస్తున్న దిక్కు చూసి, నడక తగ్గించాడు.

"పెయ్యదూడ," అన్నాడు. "నువ్వెందుకొచ్చావు ఇటు? నేను చూసుకుంటానన్నా కదా."

ఆయన మాట్లాడుతూనే పక్కకు రెండడుగులు వేసి, చెట్టు వెనకున్న తిన్నెను బూటుతో తన్నాడు. అది అంత సులువుగా చెదరలేదు. మళ్ళీ తన్నాడు.

"చూశాను అన్నా," అన్నాను. "వదిలెయ్."

ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఆ రోజే చూశావా అన్నా?"

"అడుగులు పట్టుకొని వెళ్ళానుగా. కనపడతాయి మరి."

"డాక్టరుకు చెప్పావా?"

"ఆయన అడగలేదు."

"నాకు చెప్పలేదేం?"

ఫిలియాస్ టోపీ తీసి, లోపలకి చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఏమని చెప్పమంటావు? ఇక్కడోసారి కూలబడ్డాడు, అక్కడోసారి కూలబడ్డాడు అనా? ఏమీ తెలీకుండా పోయాడని నువ్వు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నావు. చెప్పుకోనీలే అనుకున్నా. మంచు ఇంత తొందరగా దిగుతుందనుకోలా."

"ఇల్లు కనిపిస్తూనే ఉంది ఇక్కణ్ణుంచి."

"మ్."

"దిగి వచ్చెయ్యొచ్చుగా."

"మీ అన్నయ్య సంగతి నీకు తెలీదా పంతులమ్మా. ఈ చెట్టు అయిపోనీ అనుకునుంటాడు. తర్వాత ఇంకో చెట్టు." మినూన్ మెడ తట్టాడు. "నేనైనా అంతే చేసేవాణ్ణి. గొప్ప చెప్పుకోవడం కాదు. మావాళ్ళందరి బుర్రా అంతే."

"ఎప్పటినుంచి ఉందో నొప్పి."

"నాతో ఏనాడూ అనలా. అనుంటే మెడబట్టుకు లాక్కొచ్చేవాణ్ణి."

అది నిజమని నాకు తెలుసు. మినూన్ ఇంటి వైపు తల తిప్పింది. ఆయన కళ్ళెం పట్టుకున్నాడు. కిందకు వచ్చేసరికి ఇమెల్దా గరిటె ఎత్తి చూపించింది. పాకం అంచున పలకలా జారుతోంది, ఎక్కడా మాడలేదు.

"చూసుకో, మాడిందేమో," అంది మొగుడితో.

ఆమె మా ఇద్దరి ముఖాలూ చూసి, పాకం వడకట్టడం మొదలుపెట్టింది.

తర్వాత నేను పై వరుసకు వెళ్ళలేదు. ఫిలియాసే ఖాళీ బకెట్ బోర్లించుకొని, ఎక్కి దిగి, ఎక్కి దిగి తెచ్చాడు. మొగ్గలు ఉబ్బేదాకా వండాం. అప్పటికి నీళ్ళ రుచి మారింది. ఆఖరి పాకం నల్లగా, కాస్త చేదుగా వచ్చింది. అన్నయ్య ఎప్పుడూ ఆ చేదుదే ఇష్టమనేవాడు, ఇంట్లో వాడుకోవడానికి దాన్నే ఉంచుకునేవాడు. ఈసారీ ఉంచాను. పెనం తోమి బోర్లించాను. బకెట్లు కడిగి, ఒకదానిలో ఒకటి పెట్టి అటక మీదకు ఎక్కించాం. అన్నయ్య మొదలుపెట్టినంత వరకూ పాకం అయితే పూర్తయింది.

ఇక గొట్టాలు తీయాలి. పాకం రోజులు అయ్యాక గొట్టాన్ని చెట్టులో వదిలెయ్యకూడదు. అది ఉన్నంత కాలం చిల్లు పూడదు. తీసేస్తే బెరడు చుట్టూ నుంచి ఒరుసుకుంటూ వచ్చి ఒకటి రెండేళ్ళలో మూసుకుంటుంది. కొట్టం దగ్గర నుంచి చీలిన చెట్టు దాకా నేనే తీశాను. చిన్న సుత్తితో ఒకవైపూ ఇంకోవైపూ మెల్లగా తట్టి లాగితే వస్తుంది. వచ్చేటప్పుడు చిన్న చప్పుడు చేస్తుంది. అక్కడితో ఆపాను.

"మిగిలినవాటికి నిచ్చెన కావాలి," అన్నాడు ఫిలియాస్. "రేపు తెస్తా. ఒక పూట పని."

"నిచ్చెన పెట్టి వెళ్ళన్నా. తీయడం నేను తీస్తాను."

"నువ్వు ఎక్కుతావా? పడితే ఎవరు మోస్తారు నిన్ను?"

"ఇమెల్దా వదిన మోస్తుంది."

"దానికి నేనే బరువు," అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం చూశాను.

మే రెండో వారంలో నేల మెత్తబడింది. చలికాలంలో పోయిన వాళ్ళందరికీ వరసగా గోతులు తవ్వారు. పాదిరి గారు రాతిగది తాళం తీశారు. అన్నయ్యను నాన్న పక్కన పూడ్చారు. మట్టి తడిగా ఉండి పారకు అంటుకుంటోంది. పాదిరి గారు ప్రార్థన అయ్యాక నా చెయ్యి పట్టుకొని, "ఒక్క క్షణంలో తీసుకున్నాడు తల్లీ దేవుడు. ఆయనకేమీ తెలియలేదు. దాన్ని గుర్తుంచుకో," అన్నారు.

ఫిలియాస్ గొయ్యి వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇమెల్దా నా వైపు చూసింది. ఫిలియాస్ ఆమెకు చెప్పాడని అప్పుడు తెలిసింది.

"అవునండీ," అన్నాను పాదిరి గారితో.

బడి మళ్ళీ తెరిచాను. పిల్లలు లెక్కలు మరిచిపోయి వచ్చారు, మొదటి నుంచి చెప్తున్నాను. సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే తోట కనిపిస్తుంది. ఆకులు వచ్చేశాయి. ఇప్పుడు తోటలోంచి మా పొగగొట్టం కనిపించదు. నిచ్చెన ఫిలియాస్ పెట్టిన చోటే, చీలిన చెట్టుకు ఆనించి ఉంది. పై వరుస గొట్టాలు నేనింకా తీయలేదు.